చివరి కుంచంలో తాలు

మధ్యాహ్నం ఒంటిగంట యాభై. రేపు పదకొండింటికి నెల్లూరులో విచారణ. అంటే ఇంకా ఇరవై ఒక్క గంటల పది నిమిషాలు. నా దగ్గరున్న సాక్ష్యం గుండుసున్నా. చేతిలో మాత్రం సగం కొరికిన బజ్జీ ఉంది.

నేను డిటెక్టివ్‌ని. ఈ మాట వినగానే చాలామంది నవ్వుతారు. వాళ్ళ నవ్వు అయ్యేదాకా ఆగడం నాకు అలవాటే. కావలి రైలు గేటు పక్కన ‘కెజియా, ప్రైవేటు పరిశోధన’ అని బోర్డు కూడా పెట్టాను. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పంతొమ్మిదేళ్ళు తీగలతో కాపురం చేసి, ముందుగానే విరమణ తీసుకుని ఈ పనిలో దిగాను. ఏడాదిలో పది నెలలు పెళ్ళికొడుకుల గుట్టు విప్పడంతోనే సరిపోతుంది. తాగడని చెప్పినవాడు ఎంత తాగుతాడు, ఇంజనీరని చెప్పినవాడు ఏ కొట్లో కూర్చుంటాడు, ఇవే కేసులు.

చెంచమ్మ కేసు అలాంటిది కాదు. ఆమెకు అరవై రెండేళ్ళు. పులికాట్ గట్టున రెండెకరాలు ఉన్నాయి. ఉప్పునీళ్ళు ఎక్కి ఏ పైరూ బతకని ఆ చేలో బతికే వరిని ఆమె పదిహేడేళ్ళు కష్టపడి తయారు చేసింది. బతికిన కంకిని ఏరడం, మళ్ళీ నాటడం, మళ్ళీ ఏరడం. ఆ వడ్లకు ఉప్పుగొలుకులు అని పేరు పెట్టింది. పొలంలో చేయి ఆమెది, రాత ఆమె అన్న హజరత్తయ్యది. విత్తన క్షేత్రంలో గుమాస్తాగా ఉన్న ఆయన, 1996లో వేలంలో ఒక పాత కంప్యూటర్ కొని, ఏ కార్తెలో నారు పోశారు, ఎన్నాళ్ళు ఉప్పునీళ్ళలో నిలిచింది, ఏ కంకి నుంచి గింజ తీశారు, అంతా ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు కొట్టి దాచాడు. మూడేళ్ళ కిందట ఆయన పోయాడు. 

ఇప్పుడు పసిడికోత సీడ్స్ యజమాని మధుబాబు, ఆ వరి తమ కంపెనీదేనని నమోదుకు దరఖాస్తు పెట్టాడు. రుజువుగా పదిహేడేళ్ళ వివరాలున్న ఒక ఫైలు చూపించాడు. అది హజరత్తయ్య రాతే, పొల్లు పోకుండా. రేపు నమోదు అతని పేరున జరిగితే, చెంచమ్మ తన వడ్లను ఆ పేరుతో పక్క చేనివాళ్ళకు కూడా విత్తనంగా ఇవ్వడానికి వీల్లేదు. 

మరి హజరత్తయ్య కంప్యూటర్‌లోని అసలు ఫైలు ఏమైంది? అది తేల్చడానికే దొరవారిసత్రంలో జకరయ్య గదిలో కూర్చున్నాను. పక్కన చెంచమ్మ బజ్జీల పొట్లం పట్టుకుని ఉంది.

జకరయ్యకు డెబ్బై ఏళ్ళు. ఒకప్పుడు రేడియోలు బాగుచేసేవాడు, ఇప్పుడు పాత కంప్యూటర్లకు ప్రాణం పోస్తుంటాడు. గదిలో మొత్తం పదకొండు ఉన్నాయి. అన్నిటికన్నా పాతదానికి మెతూషెల అని పేరు. రెండుసార్లు చచ్చి లేచిన ల్యాప్‌టాప్ పేరు లాజరు. వాటితో మాట్లాడతాడు కూడా. మనుషులకంటే అవే నయమని ఆయన అభిప్రాయం, నా వృత్తిలో ఉండి నేను కాదనలేను.

“మళ్ళీ మొదటి నుంచి చెప్పన్నా,” అన్నాను.

“మూడో తేదీ బుధవారం. ఫైలు బయటికి తీద్దామంటే హజరత్తయ్య కంప్యూటర్లో ఫ్లాపీ పనిచేయదు, పెన్‌డ్రైవ్ పెట్టే చోటు లేదు. వెనకాల తీగ తగిలించే సీరియల్ పోర్టు ఒక్కటే దిక్కు. అందుకని కేబుల్ నేనే చేసినా. దీని నోరు దాని చెవికి, దాని నోరు దీని చెవికి కలపాల, అంతే. పొద్దున్నే ఒక కొస దానికి, ఇంకో కొస లాజరుకి తగిలించి మరలు బిగించినా. రెండు పక్కలా ప్రోగ్రామ్ తెరిచి పెట్టుకున్నా. ఆలోపల రాకెట్టు టైమయింది.”

“మిద్దె ఎక్కింది ఎన్నింటికి?”

“పది పన్నెండు. రాకెట్టు పది పదిహేడుకి. శ్రీహరికోటలో లేస్తుందంటే ఈడ వీధంతా మిద్దెల మీదే గదమ్మా.”

“దిగింది?”

“పది ఇరవయ్యారు. పక్కింటి ఫ్రెడ్డీ వాళ్ళమ్మ మురుకులు పంచింది, తిని దిగినా. దిగంగానే టైము తలుపు మీద రాసుకున్నా. అదిగో.”

జకరయ్యకు కాగితం మీద నమ్మకం లేదు. ఏ పని పట్టుకున్నా తలుపు లోపలి వైపు సుద్దముక్కతో రాస్తాడు. పని అయ్యాక తుడిచేస్తాడు. తలుపు మీద ఇంకా తుడవని పని ఒక్కటే ఉంది. హజరత్తయ్య అని పేరు, కింద 4,11,950 అని అంకె, దాని కింద 10.26. 

“ఈ పెద్ద అంకె ఏంటి?”

“ఫైల్లో ఎన్ని అక్షరాలున్నాయో, అది. పంపే ముందు రోజు చూసి రాసి పెట్టుకుంటా. అవతల చేరినాక సరిచూడాల గదా.”

“దిగొచ్చి చూస్తే?”

“ఫైలు లేదు. తుడిచేసుండారు. తిరిగి పైకి తీద్దామని సాయంత్రం దాకా తంటాలు పడినా. ఆరింటికి ఆ ముప్పై ఏళ్ళ డిస్కు టిక్కు టిక్కుమని కొట్టుకుని ఆగిపోయె.” ఆయన ఆ కంప్యూటర్ మీద చేయి వేశాడు. “నేనే ఏదో మీట నొక్కి పాడు చేసినానేమో అని ఇరవై రోజులుగా నిద్ర లేదమ్మా. వాళ్ళన్న బతుకంతా నా చేతిలో పెట్టిపోయినాడు.”

“నువ్వు పాడు చేయలేదులే జకరయ్యన్నా,” అంది చెంచమ్మ. “నువ్వు చేసుంటే పసిడికోతోళ్ళ కాడికి ఎట్టా పోతాది ఫైలు?”

ఫిర్యాదు తీసుకున్న పోలీసులకు కూడా తట్టని మాట అది. ఈమెను నా ఏజెన్సీలో చేర్చుకుంటే బాగుండునని ఆ క్షణంలో గట్టిగా అనిపించింది.

నేను లేచి కేబుల్ చూశాను. కొసన రెండు చిన్న మరలున్నాయి. “దిగొచ్చినప్పుడు ఇవి బిగించే ఉన్నాయా?”

జకరయ్య తల వంచుకున్నాడు. “లాజరు పక్క కొస ఊరికే గుచ్చి ఉండె. మరలు బిగించి లేవు. మర్చిపోయినానేమో, వయసు గదా అనుకున్నా.”

“ఎప్పుడైనా మర్చిపోయావా?”

“2004లో ఒకసారి. మా చర్చి బాప్తిస్మాల జాబితా పోతావుంటే కేబుల్ ఊడింది. ఆరువందల పేర్లు నలభై రోజులు కూర్చుని మళ్ళీ కొట్టినా. ఆ దెబ్బతో కలలో కూడా బిగించే పడుకుంటా.”

అయితే మర్చిపోలేదు. ఎవరో లాజరు నుంచి కొస ఊడదీసి, తన ల్యాప్‌టాప్‌కు తగిలించుకుని, పనయ్యాక తొందరలో తిరిగి గుచ్చి పోయారు. 

“ఆ పొద్దు ఎవరొచ్చారు?”

“జయకుమార్ అని చెన్నై నుంచి. పాత కంప్యూటర్లు సేకరిస్తాడంట. తొమ్మిది నలభైకి వచ్చినాడు, సంచిలో పాత ల్యాప్‌టాప్ కూడా ఉంది. కేబుల్ ఎట్టా, ప్రోగ్రామ్ ఎట్టా అని అంతా అడిగినాడు. ఇరవై ఏళ్ళలో నన్ను ఇవన్నీ అడిగినోడు ఆయనొక్కడే. సంతోషంతో అంతా నేర్పించినా. టీ కూడా ఇచ్చినా.”

దొంగకు తాళంచెవి ఇచ్చి, పైన టీ ఇచ్చాడు. నాకు నవ్వు వచ్చింది, జాలి కూడా వేసింది. “మిద్దె మీదికి వచ్చాడా ఆయన?”

“వెనకాలే వస్తానన్నాడు. జనంలో చూసుకోలేదు. దిగేటప్పటికి తలుపు దగ్గర నిలబడి, రాకెట్టు బాగుందండీ అని చెప్పి వెళ్ళిపోయినాడు.”

అప్పుడే వీధిలో కారు ఆగింది. రెండు గంటల అయిదు. కారు దిగినవాడు సెప్టెంబరు ఎండలో టై కట్టుకున్నాడు. నెల్లూరు జిల్లాలో ఆ పని చేసేవాడు ఒక్కడే.

నరేంద్రబాబు ఎక్స్ఛేంజిలో నా పక్క బల్ల. నేను బాగుచేసిన లైన్లు తన పేరున రాసుకునేవాడు. ఇప్పుడు నెల్లూరులో ఏసీ ఆఫీసు, ముగ్గురు ఉద్యోగులు, విజిటింగ్ కార్డు మీద బంగారు అక్షరాలు. ఈ కేసులో పసిడికోత కంపెనీ మనిషి. అయితే ఒక్క మంచి గుణం ఉంది, అబద్ధం చెప్పడం చేతకాదు. ఎవరైనా చెబితే నమ్మేస్తాడు, అదే అతనికి తెగులు.

“కెజియా, ఇంకా బజ్జీలు తింటూనే ఉన్నావా?” అంటూ లోపలికి వచ్చాడు. వచ్చీ రాగానే ఫోన్ తీసి గది నాలుగు మూలలూ ఫోటోలు తీయడం మొదలుపెట్టాడు. 

“పెళ్ళి జరుగుతోందా ఇక్కడ?” అన్నాను.

“రిపోర్టుకి. గది చూడకుండా రాశాడని రేపు నువ్వు అనకూడదు కదా.” కంప్యూటర్లు, కిటికీ, తలుపు, ఆఖరికి నా బజ్జీల పొట్లం కూడా తీశాడు. “నువ్వు ఒక పెద్దమనిషి మీద అనుమానం చల్లుతున్నావని తెలిసింది. అందుకే ఆయన్నే వెంటబెట్టుకొచ్చాను. అడగాల్సింది అడుగు. ఈయన జయకుమార్ గారు.”

వెనకనుంచి ముప్పై అయిదేళ్ళ మనిషి వచ్చి నమస్కారం పెట్టాడు. శుభ్రమైన చొక్కా, శుభ్రమైన తెలుగు, శుభ్రమైన నవ్వు. 

“కూర్చోండి,” అన్నాను. “మీకూ పసిడికోత కంపెనీకీ ఏమైనా సంబంధం ఉందా?”

“ఏమీ లేదు మేడమ్. నాకు పాత యంత్రాలంటే పిచ్చి. అంతే.”

“మూడో తేదీ రాకెట్ చూశారా?”

“చూశాను. జన్మలో మర్చిపోలేను.”

“మిద్దె మీద నుంచేనా? జకరయ్యన్నతో పాటే ఎక్కారా?”

“వారు ముందు వెళ్ళారు. నేను ఇక్కడే యంత్రాలు చూస్తూ ఉండిపోయాను. ఉన్నట్టుండి పెద్ద శబ్దం. ఈ కిటికీ అద్దాలు గలగలమన్నాయి. వెంటనే మెట్లెక్కి పరుగెత్తాను. సరిగ్గా అప్పుడే తాటిచెట్ల వెనక నుంచి నిప్పులు కక్కుతూ లేచింది.”

చెంచమ్మ నోరు తెరిచింది. నేను నా చేతిలోని బజ్జీ ఆమె నోట్లో పెట్టాను.

“తాటిచెట్ల వెనక నుంచి అంటే, ఎంత ఎత్తున చూశారు?”

“మొదటి నుంచీ చూశాను మేడమ్. చెట్ల తలల మీదకి రావడం, అక్కడి నుంచి పైకి పోవడం, అంతా.”

“శబ్దం విన్న తర్వాతే మెట్లెక్కారు?”

“అవును. శబ్దం వినే కదా పరుగెత్తాను.”

“ఇదే మాట రాసి సంతకం పెడతారా? రేపు విచారణలో మిమ్మల్ని ఇంక ఎవరూ ఇబ్బంది పెట్టరు.”

ఆయన సంతోషంగా రాసి, తేదీ వేసి, సంతకం పెట్టాడు. సమయం రెండు ముప్పై రెండు. చెన్నై బస్సు ఉందని, మళ్ళీ అందరికీ నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు. ఆపడానికి నాకు అధికారం లేదు, ఆపాలన్న ఆలోచన కూడా రాలేదు. కాగితం చేతికి వచ్చిందన్న సంబరంలో ఉన్నాను.

“చూశావా?” అన్నాడు నరేంద్రబాబు. “కడిగిన ముత్యం.”

“చెంచమ్మక్కా, ఇప్పుడు చెప్పు,” అన్నాను.

ఆమె బజ్జీ మింగి, నీళ్ళు తాగి, అప్పుడు నవ్వడం మొదలుపెట్టింది. “ఈడ ముందు వెలుగు కనపడతాది నాయనా. సద్దు తర్వాతొస్తాది. మా పిల్లకాయలు వెలుగు చూసిన కాణ్ణుంచి ఒకటి, రెండు అని లెక్కబెడతారు. ఎనభై దాటినాక తలుపులు కొట్టుకుంటాయి. అప్పటికి అది తాటిచెట్లు దాటి, మబ్బులు దాటి, నలకంత అయిపోయుంటాది. సద్దు విని మిద్దె ఎక్కినోడికి పొగ తప్ప ఏముంటాది?”

నరేంద్రబాబుది కావలి. రాకెట్లు అతనికి టీవీలో లేస్తాయి, అక్కడ వెలుగూ శబ్దమూ కలిసే వస్తాయి. జయకుమార్ కూడా టీవీలోనే చూసి ఉంటాడు.

నరేంద్రబాబు టై కొంచెం వదులు చేసుకున్నాడు. “సరే, కిందే ఉన్నాడనుకో. ఆ కంప్యూటర్‌లో ఫ్లాపీ లేదు, పెన్‌డ్రైవ్ లేదు, ఇంటర్నెట్ అసలే లేదు. ఫైలు రెక్కలు కట్టుకుని ఎగిరిందా?”

“ఈ కేబుల్ మీద నడిచి పోయింది.”

“రాకెట్ చూసి దిగేలోపలేనా? ఇది నత్త కదా.”

“నత్తే. క్షణానికి తొమ్మిదివందల అరవై అక్షరాలు. నాలుగు లక్షల పన్నెండు వేలకు ఏడు నిమిషాల పైచిలుకు. మధ్యలో సరిచూసుకునే ఆలస్యం కలిపితే ఎనిమిది. పది పన్నెండుకు మిద్దె ఎక్కారు, పది ఇరవయ్యారుకు దిగారు. ఫైలు తీసుకుని, అసలుది తుడిచేసి, తలుపు దగ్గర నిలబడి రాకెట్టు బాగుందని చెప్పడానికి కూడా టైముంది.”

“ఉండొచ్చు, ఉండకపోవచ్చు. ఇవన్నీ లెక్కలు. రుజువేది?” నరేంద్రబాబు బ్యాగులోంచి కాగితం తీసి బల్ల మీద పరిచాడు. “ఇదీ రుజువు. మధుబాబు గారి ప్రమాణపత్రం. ఈ ఫైలు తమ ఆఫీసు కంప్యూటర్‌లోనే టైపు చేసింది, వేరే ఏ కంప్యూటర్ నుంచీ ఏ దారిలోనూ రాలేదు అని రాసిచ్చారు.”

“ఏ దారిలోనూ?”

“ఏ దారిలోనూ. అక్షరాలా.”

“ఫైలు నీ దగ్గరుందా?”

“నా ల్యాప్‌టాప్‌లో ఉంది. నా దగ్గర, కంపెనీ దగ్గర తప్ప ఇంకెక్కడా లేదు. మీకు ఇచ్చింది అచ్చు కాగితాలే కదా.”

“మంచిది. ముందు ఒక ఆట ఆడదాం,” అన్నాను. “మెతూషెలలో నీ ఇష్టమొచ్చింది టైపు చెయ్యి. నేను చూడను. ఎన్ని అక్షరాలో మాత్రం చెప్పు. ఫైలు ఈ కేబుల్ మీద లాజరుకు పంపుదాం. అవతల ఎంత చేరుతుందో ముందే చెప్తాను.”

“ఎంత పంపితే అంతే చేరుతుంది.”

“పందెం?”

“ఓడితే నాలుగు ప్లేట్ల బజ్జీలు,” అన్నాడు. అప్పటికే నాలుగు పళ్ళేలు తినే ఆకలి అతని మొహంలో కనిపిస్తోంది.

వీపు తిప్పుకుని కూర్చున్నాను. అతను చాలాసేపు టకటకలాడించాడు. జకరయ్య వెనకనుంచి చదివి కిచకిచ నవ్వడాన్ని బట్టి, అది నా గురించే అని అర్థమైంది. 

“రెండువందల పదకొండు,” అన్నాడు.

“అవతల రెండువందల యాభయ్యారు చేరతాయి. చివర నలభై అయిదు బాణం గుర్తులు ఉంటాయి.”

జకరయ్య కేబుల్ తగిలించి, మరలు బిగించి, మీట నొక్కాడు. రెప్పపాటులో అయిపోయింది. లాజరు తెర మీద అంకె వచ్చింది: 256. జకరయ్య ఫైలును ఉన్నదున్నట్టు చూపించే ప్రోగ్రామ్‌లో తెరిచాడు. నా మీద నరేంద్రబాబు రాసిన పద్యం లాంటిదేదో ఉంది, దాని తోకకు కుడివైపు చూస్తున్న బాణాలు వరసగా ఉన్నాయి. చెంచమ్మ తెర మీద వేలు పెట్టి ఎంచింది. “నలభై అయిదు.”

“ఇదేం మాయ?” అన్నాడు నరేంద్రబాబు.

“మాయ కాదు, పద్ధతి. ఈ ప్రోగ్రామ్ అక్షరాలను గంపగుత్తగా పంపదు. నూట ఇరవై ఎనిమిది చొప్పున కొలిచి పంపుతుంది. అవతలివాడు చూసుకుని, సరిపోయిందంటేనే తర్వాతి కొలత. ప్రతి కొలతా నిండుగా ఉండాలి. చివరిది నిండకపోతే…”

“తాలు పోసి నింపతాది,” అంది చెంచమ్మ. “చివరి కుంచం వెలితిగా ఉంటే మా ఊళ్ళో దళారీ చేసే పనే గదా.”

ఇంతకంటే బాగా నేను చెప్పలేను. “ఆ బాణాలే తాలు. మామూలుగా తెర మీద చదివినా, అచ్చు తీసినా పాత కంప్యూటర్ మొదటి బాణం దగ్గరే ఆగిపోతుంది. అందుకే దొంగకు కూడా కనపడవు. ఇప్పుడు నీ ఫైలు తెరువు నరేంద్రా. చివరికి పో.”

అతను ల్యాప్‌టాప్ బయటికి తీశాడు. “చివర… ఏదో చెత్త ఉంది. చూశాను. పాత ఫైలు కదా, పాడైందనుకున్నాను.”

“తెరువు.”

తెరిచాడు. పదిహేడేళ్ళ వరి చరిత్ర జరజరా జరిగిపోయింది. చివర బాణాలు. ఈసారి నలుగురం ఎంచాం, రెండుసార్లు ఎంచాం. ఎనభై రెండు. ఫైలు పరిమాణం 4,12,032. 

“ఏ దారిలోనూ రాని ఫైలుకి ఈ తాలు ఎక్కడిది?” అన్నాను.

నరేంద్రబాబు మళ్ళీ తెర మీదికి వంగి చూశాడు. అయినా ఒప్పుకోలేదు, ఎక్స్ఛేంజి నాటి పట్టుదల. “వాళ్ళ ఆఫీసులోనే ఒక కంప్యూటర్ నుంచి ఇంకో కంప్యూటర్‌కి పంపుకున్నారేమో. ప్రమాణపత్రం రాసినవాడు అజాగ్రత్తగా రాశాడేమో. ఇది ఈమె ఫైలే అని ఎలా చెప్తావు?”

“తాలు తీసెయ్యి. గింజ ఎంతో చూడు.”

జకరయ్య అప్పటికే సుద్దముక్క తీసుకుని నేల మీద తీసివేత చేస్తున్నాడు. నాలుగు లక్షల పన్నెండు వేల ముప్పై రెండులోంచి ఎనభై రెండు. మిగిలింది చూసి అట్లాగే కూర్చుండిపోయాడు. నాలుగు లక్షల పదకొండు వేల తొమ్మిదివందల యాభై.

అందరం తలుపు వైపు చూశాం.

“ఇప్పుడు రాసి ఉండొచ్చు!” అన్నాడు నరేంద్రబాబు.

“నీ ఫోన్ తియ్యి. రెండు గంటల ఎనిమిదికి తలుపు ఫోటో తీశావు. నీ ఫైల్లో చివర ఎన్ని బాణాలున్నాయో అప్పటికి నువ్వే ఎంచలేదు, జకరయ్యన్నకు ఎలా తెలుస్తుంది?”

అతను ఫోన్‌లో ఆ ఫోటో తెరిచి, వేళ్ళతో పెద్దది చేసి చూశాడు. తర్వాత టై పూర్తిగా విప్పి జేబులో పెట్టుకున్నాడు. 

“నేను పాడు చేయలేదు,” అన్నాడు జకరయ్య మెల్లిగా. ఆ మాట మాలో ఎవరికీ చెప్పలేదు, హజరత్తయ్య కంప్యూటర్‌కు చెప్పాడు. “నేను పాడు చేయలేదు అబ్బయ్యా. బిగించే పోయినా.” 

చెంచమ్మ తెర ముందుకు జరిగి, ఆ ఇంగ్లీషు అక్షరాలను కూడబలుక్కుంటూ చదువుతోంది. ఒకచోట ఆగి, “ఇది గాలివాన ఏడు. మా అన్న నడుంలోతు నీళ్ళలో దిగి కంకులు కోసుకొచ్చినాడు,” అంది. కళ్ళు తుడుచుకుని, మళ్ళీ నవ్వింది. ఇన్ని రోజులు ఆ మనిషి మొహంలో చూడని వెలుగు. నాకు గొప్పగా అనిపించింది, దాచుకోను. 

“మధుబాబు నన్ను వెధవని చేశాడు,” అన్నాడు నరేంద్రబాబు. “రేపు ఆ ఫైలు పట్టుకుని నేనే నిలబడేవాణ్ణి. ఉండు, జయకుమార్‌ని వెనక్కి రమ్మంటాను. నా ముందు చెప్పమను తాటిచెట్ల కథ.”

“అందరికీ వినపడేట్టు పెట్టు,” అన్నాను.

మూడు ఇరవై. ఫోన్ నాలుగుసార్లు మోగాక జయకుమార్ ఎత్తాడు. గొంతులో ఆయాసం.

“ఎక్కడున్నారు?”

“బస్సులో సార్. సూళ్ళూరుపేట దాటాను.”

ఆ మాట వెనక ఇంకో గోల వినిపిస్తోంది. కీచుమంటూ, ఆగకుండా, పది గొంతులు ఒకేసారి అరుస్తున్నట్టు. బస్సు చప్పుడు కాదది. చెంచమ్మ తెర వదిలి ఫోన్ దగ్గరికి వచ్చి చెవి పెట్టింది. 

“సరే, తర్వాత మాట్లాడతాను,” అని నరేంద్రబాబు ఫోన్ పెట్టేశాడు.

“అవి నా గిన్నికోళ్ళు,” అంది చెంచమ్మ. “కొత్తోళ్ళు వాకిట్లోకి వస్తేనే అట్టా గోల చేస్తాయి.”

ఇంట్లో ఎవరూ లేరని జయకుమార్‌కు ఎవరు చెప్పాలి? ఇంటి యజమానురాలు ఇక్కడ నా పక్కన బజ్జీలు తింటూ కూర్చోవడం కళ్ళారా చూసి పోయాడు. సంతకం పెట్టించుకుని నేనే పంపాను.

“అక్కా, ఇంట్లో ఏముంది?”

“ఏముంటాది? విత్తనం. పదిహేను రోజుల్లో నారు పోయాల. పోయినేడు ఉప్పు ఎక్కువై అందరి చేలూ పోయె. మిగిలిన ఉప్పుగొలుకులు మొత్తం మా ఇంటి గదిలో ఉండే మూడు మూటలే.”

నరేంద్రబాబు మొహం తెల్లబడింది. “కెజియా, రేపు విచారణలో ఫైలుతో పాటు గింజ కూడా చూపించాలి. నమూనా ఎక్కడని పొద్దున మధుబాబుని అడిగాను. సాయంత్రానికి వస్తుందిలే అన్నాడు.”

అప్పటికి గాని నాకు విషయం వెలగలేదు. మధుబాబు దగ్గర పదిహేడేళ్ళ వరి చరిత్ర ఉంది, ఒక్క గింజ లేదు. రాసిందంతా కేబుల్ మీద ఎనిమిది నిమిషాల్లో పోయింది. వడ్లు అలా పోవు, ఎవరో ఒకరు వచ్చి మోసుకుపోవాలి.

“ఎంత దూరం?” అన్నాడు నరేంద్రబాబు కారు తాళాలు తీస్తూ.

“తొమ్మిది కిలోమీటర్లు,” అన్నాను. 

చెంచమ్మ మా ఇద్దరికన్నా ముందే కొంగు నడుముకు దోపి వాకిట్లోకి దిగింది. “ఆ మూడు మూటలు పోతే మీ ఫైలు నేనేం చేసుకునేది, చేలో చల్లేదా?” అంది వెనక్కి తిరగకుండా. “బండి తియ్యి నాయనా.”